వాద్యమా, వ్యాజ్యమా

బందరు వచ్చిన మొదటి నెలలోనే నా ఫిడేలుకి తీగలు సవరించే బిరడాలు బిగుసుకుపోయాయి. సముద్రపు గాలికి చెక్క ఉబ్బుతుందని విన్నాను గానీ ఇంత తొందరగా అనుకోలేదు. సన్న తీగ మీద తుప్పు చుక్కలు కూడా పడ్డాయి. వేలితో రుద్దితే ఎర్రగా అంటుకునేవి. ఆ వేలు చీర కొంగుకి తుడుచుకుని పాపని ఎత్తుకోవడానికి వెళ్ళేదాన్ని, తుప్పు దాని ఒంటికి తగులుతుందేమోనని మళ్ళీ సబ్బుతో కడుక్కునేదాన్ని.

మావారిది రొయ్యల మేత అమ్మే కంపెనీలో ఉద్యోగం. కృత్తివెన్ను వైపు చెరువుల మీద తిరుగుతూ నీళ్ళు పరీక్ష చేయడం, రైతులతో మాట్లాడడం. బదిలీ కాగితం వచ్చేసరికి పాపకి నాలుగో నెల. విజయనగరంలో నేను ప్రైవేటు స్కూల్లో కామర్సు చెప్పేదాన్ని. అది సోమవారం నుంచి శుక్రవారం దాకా. శనాదివారాలు మాత్రం నావి. డాన్సు మాస్టారి దగ్గర పిల్లల అరంగేట్రాలు, ఎవరింట్లోనో సీమంతం, గుళ్ళో హరికథ. ఎక్కడ ఎవరు పాడుతున్నా పక్కన ఫిడేలుతో నేనుండేదాన్ని.

నేను ఒంటరిగా కూర్చుని రెండు గంటలు వాయించే మనిషిని కాను. పక్క వాద్యం నా పని. పాడేవాళ్ళు ఒక వరస పాడి ఊపిరి తీసుకుంటారు. ఆ ఖాళీలో వాళ్ళు వదిలిన చోటునుంచే నేను అందుకోవాలి. వాళ్ళు తలతిప్పి చూస్తారు. ఒక్క క్షణం. 'ఆ, వస్తున్నావా' అన్నట్టు. ఆ చూపు కోసం నేను పదేళ్ళు సాధన చేశాననిపిస్తుంది. బందరులో నాకు అన్నం, ఇల్లు, పాప, మంచి మనిషైన భర్త అన్నీ ఉన్నాయి. ఆ చూపు ఒక్కటే లేదు.

పాప పడుకున్నప్పుడు సాధన చేద్దామంటే లేస్తుందని భయం. బ్రిడ్జికి బట్టల క్లిప్పు పెడితే శబ్దం తగ్గుతుందని మా గురువుగారు హాస్టల్ రోజుల్లో చెప్పారు. అది పెట్టి వాయిస్తే దోమ పాడినట్టుండేది. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళి పాప ఊపిరి తీస్తోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని.

"కాస్త ఆగరాదూ," అనేవారు మావారు. "పాప కొంచెం పెద్దదవనీ. ఎక్కడికి పోతుంది సంగీతం?"

ఆయన చెడ్డగా అనలేదు. కానీ మా గురువుగారి దగ్గర నాకంటే ముందు నేర్చుకున్న ఒకావిడ అలాగే ఆగింది. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఫిడేలు పెట్టె గోడకి తగిలించి ఉంది. దాని మీద మంకీ టోపీలు, గొడుగు. ఆవిడ కొడుకు అప్పటికి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అందుకని నాకు నేనే ఒక గడువు పెట్టుకున్నాను. పాప మొదటి పుట్టినరోజు లోపల, ఒక్కసారైనా, ఎవరో ఒకరి పక్కన కూర్చుని జనం ముందు వాయించాలి. లేకపోతే నా పెట్టె మీదకీ టోపీలు వచ్చేస్తాయి.

ముందు ఫ్లెక్సీల మీద ఫోన్ నంబర్లు వెతికాను. పాపని కంగారూ సంచిలో కట్టుకుని కోనేరు సెంటర్ దాకా నడిచి, ఆర్కెస్ట్రా అని కనిపించిన ప్రతి ఫ్లెక్సీనీ ఫొటో తీసుకునేదాన్ని. మొదటి ఫోన్ ఎత్తినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు.

"వయొలినా మేడమ్? మాకు కీబోర్డులోనే ఉంటుందండి. బటన్ నొక్కితే ఇరవై మంది వాయించినట్టు వస్తుంది. మీరొక్కరే కదండీ."

నిజమే. నేనొక్కదాన్నే.

తరువాత గుడివాడలో పెళ్ళిళ్ళకి ఏర్పాట్లు చేసేవాళ్ళు రమ్మన్నారు. పాపని ఒళ్ళో పెట్టుకుని ప్యాసింజరు రైల్లో వెళ్ళాను. పెడన దగ్గర ఒకావిడ ఎక్కి, "ఇంత చంటిదాన్ని గాలికి తిప్పుతారా అండీ?" అని నన్ను మందలించి, తన కొంగుతోనే పాప చెవులు మూసి కూర్చుంది. గుడివాడ చేరేసరికి నాకు సగం ధైర్యం పోయింది. అక్కడున్న కుర్రాడు కంప్యూటర్లో ఏదో పెళ్ళి వీడియో చూపించాడు.

"పెళ్ళికూతురు లోపలికొస్తుంటే ముందు మీరు వాయిస్తూ నడవాలండి. గౌను మేమే ఇస్తాం. ఫిడేలుకి లైట్లు కడతాం."

"నేను కూర్చుని వాయిస్తానండీ."

"కుర్చీ వేయిస్తాం. కానీ ఎంట్రీకి..."

"కుర్చీ కాదండీ, కింద. బాసింపట్టు వేసుకుని. ఫిడేలు తల కుడికాలి చీలమండ మీద ఆనుకోవాలి."

అతను వీడియో ఆపాడు. "కింద కూర్చుంటే డ్రోన్‌కి తప్ప ఎవరికీ కనపడరు కదండీ," అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే బాధపడ్డాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నిలబడి, గడ్డం కింద ఫిడేలు పెట్టుకుని ప్రయత్నించాను. గమకం కోసం వేలు జారిస్తే వాద్యమంతా జారింది. పాప కిలకిలా నవ్వింది. పుట్టినరోజుకి ఇంక ఏడు వారాలే ఉన్నాయి.

మా ఇంటివాళ్ళావిడని నేను పిన్నిగారూ అంటాను. డెబ్బై దాటాయి. కింద వాటాలో ఒక్కరే ఉంటారు. ఒక చెవి సరిగా వినపడదు, అది ఏ చెవో రోజుకోలా ఉంటుంది. మర్నాడు ఆవిడ అరుగు మీద గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని అడిగాను.

"పిన్నిగారూ, ఈ ఊళ్ళో కచేరీలు ఎక్కడండీ జరిగేది?"

"కచేరీనా? కోర్టు దగ్గరేగా అమ్మాయ్. పాత కచేరీ అంటే ఎవరైనా చెబుతారు. నీకక్కడేం పని?"

"పక్క వాద్యం ఏదన్నా దొరుకుతుందేమోనని."

ఆవిడ చేతిలో కాయ ఆగింది. "వ్యాజ్యమా?" అన్నారు మెల్లగా. పెద్దవాళ్ళు ఆ మాటని ఇక్కడ అలా పలుకుతారు కాబోలు అనుకున్నాను. మా వైపు పలుకుబడికీ ఇక్కడి పలుకుబడికీ తేడా ఉందని అప్పటికి తెలుసు.

"అదేనండీ."

"మీ ఆయనకి తెలుసా?"

"తెలుసండీ. ఇప్పుడే వద్దంటున్నారు."

"అంటాడు, అనక!" ఆవిడ కాయని పుటుక్కున విరిచారు. "మరి పిల్ల?"

"కూడా తీసుకెళ్తానండీ."

"తీసుకెళ్ళు. పిల్లని చూస్తే వాళ్ళకీ జాలేస్తుంది. పదిన్నరకి గాని ఎవరూ రారు. వెళ్ళాక కాళ్ళా వేళ్ళా పడకు, అమ్మాయ్. గట్టిగా మాట్లాడు. మన పక్షాన న్యాయముంది."

పాటకోసం ఇంత పట్టుదలగా మాట్లాడే మనిషి ఈ ఊళ్ళో ఉన్నారనుకుని నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ సాయంత్రం మావారు మోటారు సైకిల్ దిగి "బాగున్నారా పిన్నిగారూ" అంటే, ఆవిడ మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. ఎందుకో మా ఇద్దరికీ అర్థం కాలేదు.

మర్నాడే బయల్దేరాను. పాపకి నీళ్ళసీసా, రెండు జతల బట్టలు, గ్రైప్ వాటర్, ఒక భుజానికి పాప, ఇంకో భుజానికి ఫిడేలు. ఆటో దిగేసరికి ఎదురుగా నల్లకోట్లు. జిరాక్సు కొట్లు, టీ బండి, చెట్ల కింద ఫైళ్ళు పట్టుకున్న జనం. సభ ఎక్కడా కనపడలేదు. రేకుల షెడ్డు కింద బల్లలు వేసుకుని దస్తావేజు లేఖరులు కూర్చున్నారు. చివరి బల్ల దగ్గర తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన స్టాంపు పేపరు మీద గుండ్రటి అక్షరాలతో ఏదో రాస్తూ, తలెత్తకుండానే అడిగారు.

"ఏం పనమ్మా? అమ్మకమా, దానమా, తనఖానా?"

"ఏటండీ?" అన్నాను. తడబాటులో మా ఊరి మాట జారిపోయింది.

"ఏటీ లేదు. విజీనారమా?" ఆయన నవ్వి కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. "పెట్టెలో ఏమున్నాయి, లింకు డాక్యుమెంట్లా?"

"ఫిడేలండీ. ఇది కచేరీ అని చెబితే వచ్చాను. పాట కచేరీ అనుకుని..."

"ఇక్కడ పాడేదీ ఆడేదీ అంతా నల్లకోట్లవాళ్ళేనమ్మా," అన్నారు. పక్క బల్లలవాళ్ళు కూడా నవ్వారు. నాకు తల ఎత్తాలనిపించలేదు. ఆటో ఇంకా ఉందేమోనని వెనక్కి చూశాను.

ఆయన మాత్రం కలానికి మూత పెట్టారు. "కూర్చోమ్మా. ఎవరికి వాయించావు ఇంతకీ?" అన్నారు. చెప్పాను. హరికథలకి కూడా అనగానే ఆయన కుడిచేతి వేళ్ళు బల్ల మీద కదిలాయి. అప్పుడు గమనించాను, ఆ చూపుడు వేలు మొదట్లో కాయ కాసి ఉంది. కలం పట్టే చోటు కాదది. మృదంగం వాయించేవాళ్ళకి వచ్చే చోటు.

"మా తాతలు గుళ్ళో సన్నాయి వాయించేవాళ్ళు," అన్నారు. "నాకు ఊపిరి చాల్లేదు, చేతులు చాలాయి. ఇక్కడ కలం, అటు దివిసీమలో మృదంగం. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ ఒక్కటీ వదిలేస్తే ఎప్పుడు పిలిచినా వెళ్తాను."

పెట్టె తియ్యమంటారేమోనని చూస్తున్నాను. తియ్యమనలేదు. బల్ల మీద ఆది తాళంలో చిన్నగా మొదలుపెట్టి, మెలికలు తిప్పుతూ, ఎక్కడ ముగిస్తారో తెలియకుండా ఒక ముగింపు అల్లుకుంటూ వెళ్ళారు. నా చేయి దానంతట అదే పాప వీపు మీద తాళం వేస్తోంది. దాన్ని నిద్రపుచ్చేటప్పుడు రోజూ వేసేదే. ఆయన ఆఖరి దెబ్బ బల్ల మీద పడినప్పుడు నా చేయి కూడా పాప వీపు మీద పడింది. ఇద్దరం ఒక్కసారే ఆగాం.

"సరే," అన్నారు, పరీక్ష అయిపోయినట్టు. "మా ఫిడేలాయనకి చెయ్యి వణుకు వచ్చింది. ఆర్నెల్ల నుంచి ఫోన్లో శ్రుతి పెట్టుకుని, నా మృదంగంతోనే కథ లాక్కొస్తున్నాం. అవనిగడ్డ అవతల ఒక ఊళ్ళో వచ్చే మంగళవారం ఉంది. మధ్యాహ్నం మూడింటికి. వస్తావా?"

"వస్తాను బాబాయిగారూ," అన్నాను. ఆలోచించుకుని చెబుతానని అనాల్సింది. పాపని ఎవరు చూస్తారో కూడా తట్టలేదు.

ఇంటికొచ్చేసరికి పిన్నిగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. "ఏమన్నారు?"

"ఒప్పుకున్నారండీ! వచ్చే మంగళవారమే."

"అంత తొందరగానా! మరి భరణం సంగతి?"

"భరణమేటండీ?"

ఆవిడ నన్ను చూశారు. నేను ఆవిడని చూశాను. భుజాన ఉన్న పెట్టె దింపి తెరిచి, కమానుతో ఒక్క తీగ మీద గీశాను. పిన్నిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుపోయారు. "వాద్యమా! నీ తల్లి కడుపు చల్లగుండ, వాద్యమా! రెండ్రోజుల్నించీ ఆ అబ్బాయికి మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను గదే!" నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, తరువాత అన్నారు, "మాకు చెరువు గట్టు వ్యాజ్యం ఇరవై ఏళ్ళు పైన నడిచింది అమ్మాయ్. మా ఆయన పోయిన ఏటిదాకా నడిచింది. ఇంట్లో ఆ మాట తప్ప ఇంకోటి వినపడేది కాదు. చెవికి అదే అలవాటైపోయింది."

పాపని చూసుకోవడానికి ఆవిడే వస్తానన్నారు. మావారు సెలవు దొరకదని, జాగ్రత్తని, పాపకి ఎండ తగలనివ్వద్దని నాలుగుసార్లు చెప్పారు. ఐదోసారి చెప్పబోయి, "బాగా వాయించు," అన్నారు.

మంగళవారం చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్ళాం. దారంతా కోతకొచ్చిన చేలు. గుడి ముందు చిన్న పందిరి, తాటాకు చాపలు. నూట యాభై మంది ఉంటారేమో, ఎక్కువ ఆడవాళ్ళే. హరికథ చెప్పే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. పట్టుచీర గోచీ పోసి కట్టి, కాళ్ళకి గజ్జెలు కట్టుకుంటూ నాతో రెండే మాటలు మాట్లాడారు.

"ఐదు శ్రుతి. పెళ్ళికథ. నేనెక్కడికి పోతే అక్కడికి రా. నన్ను ఆపకు, నన్ను దాటకు."

కూర్చున్నాను. ఫిడేలు తల చీలమండ మీద ఆనించాను. ఇంటి దగ్గర పొద్దున్న గంటసేపు తిప్పి తిప్పి వదులు చేసిన బిరడాలు మాట విన్నాయి. ఆవిడ చిరతలు మోగించి ఆనందభైరవిలో ఒక పద్యం ఎత్తుకున్నారు. మొదటి పాదం చివర ఊపిరికి ఆగారు. నేను అందుకున్నాను. ఆవిడ తలతిప్పి చూశారు.

ఇది ఎంతమందికి చెప్పినా అర్థమవుతుందో లేదో. పదకొండు నెలల తరువాత ఎవరో నన్ను నా పేరుతో పిలిచినట్టుంది. ఆవిడ నవ్వుతూ నవ్వుతూ పై షడ్జమానికి వెళ్ళి అక్కడ నిలబడ్డారు, నేను వస్తానా రానా అని. వెళ్ళాను. బాబాయిగారు మృదంగం మీద 'శభాష్' అన్నట్టు ఒక్క దెబ్బ వేశారు. పాప ఎక్కడుందో, ఊపిరి తీస్తోందో లేదో, ఆ ముప్పావుగంటా నేను ఆలోచించలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగానే ఉంది. అయినా ఆలోచించలేదు.

కథలో పెళ్ళికూతురు కబురు పంపి, జవాబు కోసం ఎదురుచూసే ఘట్టం వచ్చింది. ఆవిడ గొంతు తగ్గించారు. పందిరంతా నిశ్శబ్దం. అప్పుడు వెనకనుంచి పాప ఏడుపు. పిన్నిగారు ఊపుతున్నారు, పాట పాడుతున్నారు, ఏదీ పనిచేయడం లేదు. అది ఆకలి ఏడుపు. నా జాకెట్టు తడిసిపోతోంది. కమాను వణికి ఒక స్వరం పక్కకి పోయింది.

ఆవిడ చిరతలు ఆపి, మైకులోనే జనం వైపు తిరిగారు. "ఏం తల్లీ, మా కథలో ఇంకా పెళ్ళే కాలేదు, అప్పుడే పిల్ల ఏడుపు వినపడుతోందే!"

పందిరి ఘొల్లుమంది. ఆవిడ నావైపు చూసి, మైకు కాస్త పక్కకి జరిపి, "వెళ్ళమ్మా ఫిడేలూ. ముందు ఆ కచేరీ చూసుకుని రా," అన్నారు.

వంటలు చేసేచోట, బియ్యం బస్తాల పక్కన కూర్చుని పాలిచ్చాను. పిన్నిగారు కొంగు అడ్డం పట్టి నిలబడ్డారు. లోపల కథ మళ్ళీ మొదలైంది. ఆవిడ ఒక పాదం పాడి ఆగారు. ఆ ఖాళీ వచ్చింది. అందులో ఏమీ లేదు. బాబాయిగారు మృదంగంతో దాన్ని పూడ్చలేదు, ఊరికే వదిలేశారు. తరువాతి పాదానికీ అంతే. పూడ్చేయొచ్చు, ఆర్నెల్లుగా అలాగే చేస్తున్నారు. నాకోసం ఉంచారని తెలిసింది. ప్రతి ఖాళీలోనూ నా ఎడమచేతి వేళ్ళు పాప వీపు మీద స్వరాలు నొక్కాయి. పాప నావైపు చూస్తూ మెల్లగా తాగింది. ఎప్పుడూ అంత మెల్లగా తాగలేదు.

అది నిద్రపోయి, నేను పందిట్లోకి పరుగెత్తేసరికి మంగళహారతి మిగిలింది. అదొక్కటీ వాయించాను.

గజ్జెలు విప్పుకుంటూ ఆవిడ నా చేయి పట్టుకున్నారు. "మంచి చెయ్యి. పారేసుకోకు. పిల్లకి కాస్త నడక రానీ, కబురు చేస్తాను." మావారు అన్న మాటే, ఇంకో గొంతుతో. కోపం రాలేదు. ఆవిడా ఇద్దరు పిల్లలకీ నడక వచ్చేదాకా అలాగే ఆగారని బస్సులో బాబాయిగారు చెప్పారు.

పాప పుట్టినరోజు అయిపోయింది. గడువు లోపల ఒకసారి వాయించాను కాబట్టి నేను గెలిచినట్టే. ఒక్కసారి అయితే చాలనుకున్నాను కూడా. చాలలేదు. ఇంతకుముందు ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని కాదు. ఇప్పుడు ప్రతి మోతకీ ఉలిక్కిపడి చూస్తే చెరువు మీదనుంచి మావారు, లేకపోతే టీకా గుర్తు చేసే మెసేజీ. పాప ఇంకా గోడ పట్టుకునే నిలబడుతోంది. రోజూ దాని పాదాల వైపు చూస్తున్నాను. తొందరపెడుతున్నానేమోనని మళ్ళీ భయం.

మొన్న పిన్నిగారు అరుగు మీదనుంచి కేకేశారు. "ఏం అమ్మాయ్, నీ వ్యాజ్యం ఎందాకా వచ్చింది?"

"వాయిదా పడింది పిన్నిగారూ."

"వాయిదా పడితే కేసు బతికున్నట్టే. కొట్టేస్తేనే ఏడవాలి." తరువాత ఏదో గుర్తొచ్చినట్టు, "అయితే పిలిచినప్పుడు హాజరుండాలి సుమా. మా ఆయన ఒక్క వాయిదాకి వెళ్ళకపోతే అటువాళ్ళకి ఇచ్చేశారు తీర్పు," అన్నారు.

ఆ మర్నాటి నుంచి రోజూ పదిన్నరకి పైకొస్తున్నారు. "కచేరీ వేళైంది," అని పాపని ఎత్తుకుని కిందికి తీసుకుపోతారు. నేను బట్టల క్లిప్పు తీసేసి, నేల మీద చాప పరుచుకుని, ఐదు శ్రుతి పెట్టుకుంటాను. ఆనందభైరవి అందుకుంటాను. కింద అరుగు మీద పిన్నిగారు పాపని నడిపించే చప్పుడు వినపడుతుంటుంది. ఒక పాదానికి జవాబు వాయించి, కమాను ఎత్తి, ఇంకో పాదం పాడేంతసేపు ఆగుతాను. తరువాత మళ్ళీ అందుకుంటాను.